పార్కుల్లో సినిమా రైడ్లు: సినిమా పెరిగిన మద్రాసులో కనపడవేం?

విభాగం: సెలవులు, పిల్లలు, షికార్లు

#1 పెరుంగుడి శ్రీను

అందరికీ నమస్కారం. సెలవుల్లో పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్ళొచ్చాం. మీనంబాకంలో విమానం ఎక్కితే నాలుగు గంటలు. మాధవరంలో తిరుపతి బస్సెక్కినా అంతసేపు పడుతుంది.

ఒక రోజు మొత్తం యూనివర్సల్ స్టూడియోస్‌కే పోయింది. డైనోసార్ల జోన్‌లో గుండ్రటి పడవెక్కి నలుగురం తడిసి ముద్దయ్యాం. వాటర్‌వరల్డ్ అని ఒక స్టంట్ షో ఉంది. చివర్లో నీటి విమానం గోడ మీదుగా దూసుకొచ్చి మన ఎదురుగా పడుతుంది. మా ఆవిడ పెట్టిన కేకకి ముందు వరసలో ఉన్న ఒక చైనా తాత వెనక్కి తిరిగి దండం పెట్టాడు. మినియన్ల వీధిలో మా చిన్నది షాపు వదిలి బయటికి రానంది. ఆ బిల్లు సంగతి ఇక్కడ రాయను, మా నాన్న ఇవన్నీ చదువుతాడు.

వచ్చిన రెండు వారాలకి ఇక్కడే ఊరి బయట ఒక పార్కుకి వెళ్ళాం. రైడ్లు బాగానే ఉన్నాయి. మావాడు మాత్రం ప్రతి రైడ్ దగ్గరా "నాన్నా, ఇది ఏ సినిమా?" అని అడగడం. ఏ సినిమా కాదురా, ఊరికే తిప్పుతారు అన్నాను. వాడి మొహం చిన్నబోయింది.

అప్పటినుంచి నాకూ అదే ఆలోచన. కోడంబాకం, వడపళని, సాలిగ్రామం. తెలుగు సినిమా సగం ఆయుష్షు ఇక్కడే గడిచింది. మన సినిమా ఒక్కటైనా టికెట్ కొనుక్కుని లోపలికి నడిచే చోటు ఎందుకు కాలేదు? 2025 డిసెంబర్‌లో తిరుప్పోరూర్ దగ్గర ఇల్లలూరులో వండర్‌లా పార్కు కూడా తెరిచారు కదా. అంత జాగాలో ఒక మూల సినిమాకి ఇస్తే పోయేదేముంది?

#2 ట్రాక్ పిచ్చోడు

శ్రీను అన్నా, నాకు తిండి లేకపోయినా పర్లేదనిపించే టాపిక్ ఎత్తావు. పొడుగవుద్ది, కాఫీ కలుపుకుని కూర్చోండి.

సినిమాని పార్కులో పెట్టడం పాత విద్యే. 1955లో అనాహైమ్‌లో డిస్నీల్యాండ్ తెరిచినప్పుడే సొంత కార్టూన్ సినిమాల మీద రైడ్లున్నాయి. 1964లో యూనివర్సల్ వాళ్ళు హాలీవుడ్‌లో షూటింగులు జరిగే స్టూడియోనే ట్రామ్ బండిలో తిప్పి చూపించడం మొదలెట్టారు. 1987లో డిస్నీల్యాండ్‌లో స్టార్ టూర్స్ వచ్చింది. అప్పటికి స్టార్ వార్స్ డిస్నీది కాదు. బయటివాళ్ళ సినిమాని హక్కులు తీసుకుని మరీ పెట్టారు.

కానీ పార్కుల వాళ్ళందరూ లేచి కూర్చున్నది 2010 జూన్‌లో, ఫ్లోరిడాలోని ఓర్లాండో యూనివర్సల్‌లో హ్యారీ పాటర్ వచ్చినప్పుడు. వాళ్ళు కట్టింది ఒక రైడ్ కాదు, ఒక ఊరు. మంచు పైకప్పుల వీధి, కోట, కథలో పిల్లలు తాగే బటర్‌బీర్ అమ్మే బండి. కోటలో క్యూలో నడవడమే సగం ఆట, గోడకి తగిలించిన పటాలు మాట్లాడుకుంటూ ఉంటాయి. లోపల కుర్చీని పట్టుకుని గాల్లో తిప్పేది కార్ల ఫ్యాక్టరీల్లో వాడే కూకా కంపెనీ రోబో చెయ్యి. మన ఒరగడం, శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీల్లో చేసేవాళ్ళు అలాంటి చేతుల్ని రోజూ చూస్తూనే ఉంటారు. అక్కడ డోరు పట్టుకుంటుంది, ఇక్కడ మనల్ని పట్టుకుంటుంది, అంతే.

అది ఎంత ఆడిందంటే, 2012 జనవరిలో జాస్ రైడ్‌ని మూసేసి ఆ జాగాలో 2014కి పాటర్ రెండో వీధి కట్టారు. అదే ఏడాది జపాన్‌లో, 2016లో హాలీవుడ్‌లో. 2025 మేలో ఓర్లాండోలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో కూడా పాటర్ ఉన్నాడు.

తిరగేసిన కేసు కూడా ఉంది. పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్ రైడ్ 1967 నాటిది. సినిమా 2003లో వచ్చింది. రైడ్ తల్లి, సినిమా బిడ్డ.

#3 చేదుకాకర

చదవడానికి బాగుంది. మన దగ్గర కడితే మొదటి రోజు కటౌట్, రెండో రోజు పాలాభిషేకం, మూడో రోజు అవతలి హీరో ఫ్యాన్స్ రాళ్ళు.

మన సినిమాల్ని పార్కులో పెట్టి చూశారయ్యా. దుబాయ్‌లో బాలీవుడ్ పార్క్స్ అని 2016 నవంబర్‌లో తెరిచారు. షోలే, లగాన్, దబాంగ్, క్రిష్, అన్నీ ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో తాళం. ఏడేళ్ళు నిండలేదు. అదే ఆవరణలో మోషన్‌గేట్ ఇంకా నడుస్తోంది. అదీ సినిమాలదే, ష్రెక్, కుంగ్ ఫూ పాండా వగైరా. పక్కపక్క దుకాణాల్లో ఒకటి మూసి ఒకటి మిగిలిందంటే ఎండదో ఊరిదో తప్పు అనలేం.

నా లెక్క ఇది: మన సినిమాలో హీరో ఉంటాడు, పాట ఉంటుంది, ఫైటు ఉంటుంది. ఊరు ఉండదు. హీరోని తీసేసి ఆ సినిమాలో ఓ గంట తిరగమంటే ఎక్కడ తిరుగుతావు? స్విట్జర్లాండ్‌లోనా?

#4 చిత్తూరోడు

కాకరన్నా, మాహిష్మతి ఊరు కాదా? రామోజీ ఫిల్మ్ సిటీలో ఆ సెట్టు ఉండాది. మేము పోయిన వేసవిలో బస్సు మాట్లాడుకొని పోయినాం, ముప్పైమందిమి. 1,666 ఎకరాలంట, గిన్నిస్ బుక్కులో ప్రపంచంలోనే పెద్ద స్టూడియో. 1996లో కట్టినారు. ఆ పెద్ద పెద్ద విగ్రహాల ముందర మా అత్త కూడా కత్తి పట్టుకున్నట్టు చేతులు పెట్టి ఫోటో దిగింది. ఇంతవరకు వాట్సాప్‌లో అదే డీపీ.

శ్రీనన్న కొడుకు అడిగేదానికి మాత్రం అది జవాబు కాదులే. ఆడ నువ్వు సినిమా తీసిన చోటు చూస్తావు. నీకు ఏమీ జరగదు. సింగపూర్లో నువ్వే సినిమాలో పడతావు. రెండూ వేరే వేరే ఆటలు.

#5 టీనగర్ పిన్ని

నాయనా శ్రీనూ, పిల్లలు బాగున్నారా. మీరంతా రోబో చేతులు, హక్కులు అంటున్నారు. నేను ముగ్గురు మనవల్ని పార్కుకి తీసుకెళ్ళే మనిషిని, నా మాట కూడా వినండి.

మే నెలలో ఈ ఊళ్ళో పదకొండు దాటితే సిమెంటు నేల మీద కాలు పెట్టలేం. ఐప్పసి (ఇక్కడి తమిళ నెల), కార్తీకంలో వాన. మిగిలిన నెలల్లో పరీక్షలు. అంచేత మీరు ఏ సినిమా పెట్టినా పైకప్పు కింద పెట్టండి. క్యూ నీడలో ఉండాలి, కూర్చోడానికి అరుగుండాలి, పక్కనే బాత్రూమ్ ఉండాలి. హ్యారీ పాటర్ కోటలో క్యూయే సగం ఆట అని రాశాడే ట్రాక్ అబ్బాయి, నాకు ఆ ముక్క ఒక్కటే నచ్చింది. పోయిన ఏడాది ఒక పార్కులో (పేరెందుకులే) గంటా పది నిమిషాలు రేకుల షెడ్డు కింద నిలబడితే రైడ్ మూడు నిమిషాలు. చిన్నవాడు ఎక్కేలోపే నిద్రపోయాడు. వాణ్ణి భుజాన వేసుకుని నేనే ఎక్కొచ్చా.

ధర కూడా చూసుకోండి. అమెరికాలో మా అమ్మాయి చెప్పింది, స్టార్ వార్స్ ఓడలాగా ఒక హోటల్ కట్టారట, రెండు రాత్రులు ఇద్దరికి సుమారు 4,800 డాలర్లు. 2022 మార్చిలో తెరిచి 2023 సెప్టెంబర్‌లో మూసేశారు. ఎంత పిచ్చి ఉన్నా పర్సు పర్సే.

#6 ట్రాక్ పిచ్చోడు

పిన్నిగారూ, మీరు చెప్పిన గంటా పది నిమిషాల వెనక లెక్క ఇది. ఇది అర్థమైతే సగం చర్చ అయిపోయినట్టే.

సినిమా రైడ్ అనగానే మన దగ్గర ఎక్కువమందికి తట్టేది ఊగే కుర్చీల థియేటర్. చవక. సినిమా మార్చాలంటే బొమ్మ మారిస్తే చాలు. ముంబయి దారిలో ఖోపోలీ దగ్గర ఇమాజికా పార్కులో 1987 నాటి మిస్టర్ ఇండియా సినిమా మీద ఇలాంటి కుర్చీల రైడే పెట్టారు, 2013లో. తప్పేం కాదు. కానీ ఒక హాల్లో 40 మంది, ఎక్కించి తిప్పి దించడానికి పది నిమిషాలు అనుకోండి. గంటకి 240 మంది. ఎనిమిది గంటలకి 1,920. సెలవు రోజు ఆరు వేలమంది వస్తే మూడో వంతుకి కూడా అందదు.

అదే పట్టాల మీద బండి అనుకోండి. బండికి 20 మంది, 40 సెకన్లకి ఒక బండి వదిలితే గంటకి 1,800. జనం ఆగరు, నడుస్తూనే ఉంటారు. పెద్ద పార్కులు పట్టాలకీ, పడవలకీ, చీకటి గదులకీ అంత డబ్బు పోసేది అందుకే. మనవాళ్ళు ఆ డబ్బు పెట్టలేక ఊగే కుర్చీలు వేస్తారు, క్యూ పెరుగుతుంది, మీ మనవడు నిద్రపోతాడు.

ఇంకో మాట, కాకర గారికి. సినిమా హిట్టయితేనే రైడ్ ఆడుతుందనేది కూడా నిజం కాదు. శ్రీను అన్న భార్య కేక పెట్టిన వాటర్‌వరల్డ్, 1995లో వచ్చినప్పుడు అప్పటికి అన్నిటికన్నా ఖరీదైన సినిమా. అమెరికాలో పెట్టింది రాలేదు. షో మాత్రం అదే ఏడాది హాలీవుడ్‌లో మొదలై తర్వాత జపాన్, సింగపూర్ చేరి ఇప్పటికీ ఆడుతోంది. ఆ సినిమా చూడనివాళ్ళే ఎక్కువమంది. నీళ్ళు, మంట, పడవలు, దూకే మనుషులు. కథ తెలియకపోయినా ఒళ్ళు జలదరిస్తుంది.

#7 చేదుకాకర

అంటే నా మాటే నువ్వు నా కంటే బాగా చెప్పావు. చోటు గట్టిదైతే సినిమా పోయినా నిలబడుతుంది. మన సినిమాల్లో చోటు చూపించు మరి. ఎదురుచూస్తున్నా.

#8 అన్నానగర్ రాజా రసికుడు

షోలేలో రామ్‌గఢ్ లేదా అన్నా? లగాన్‌లో ఊరే కదా కథ? ఊరు లేదంటే ఎలా? అసలు మా హీరో సినిమాలో కొండపల్లి సెట్ వేశారు, దాన్ని కడితే నీ దుబాయ్ ఏంటి, నీ ఓర్లాండో ఏంటి. అవతలి హీరోకి ఆ రేంజ్ ఉందా

#9 అరుగు పెద్ద (మోడరేటర్)

రాజా రసికుడు, రేంజ్ గొడవ ఇక్కడొద్దు. కింద వచ్చిన పదకొండు జవాబులు తీసేశాను. పార్కుల గురించి రాసేవాళ్ళే రాయండి.

#10 సాలిగ్రామం బాబాయి

బాబులూ, నేను ఫోన్లో మెల్లగా కొడతాను, తప్పులుంటే సర్దుకోండి. ముప్పై ఏళ్ళు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మోల్డింగ్ పని చేశాను. కోటలు, గుళ్ళు, స్వర్గాలు, కైలాసం రెండు సార్లు.

సెట్టుకి మొహం ఒక వైపే ఉంటుంది. కెమెరా ఎటుంటే అటు. వెనక్కి పోయి చూస్తే సరుగుడు కర్రలు, గోనె గుడ్డ, మేకులు. మొహం అంతా గోనె పీచు కలిపిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్. పది రోజుల షూటింగ్‌కి కట్టింది పదకొండో రోజు విప్పుతాం. ఆ ప్లైవుడ్ ఇంకో సెట్టుకి పోతుంది. శివుడి కొండకి వాడిన చెక్క మరుసటి వారం విలన్ బారులో చూశాను నేను.

పార్కు అంటే అది కాదు. పిల్లోడు స్తంభాన్ని వాటేసుకుంటాడు, గోటితో గీకుతాడు, వెనక్కి పోయి తొంగి చూస్తాడు. నాలుగు వైపులా మొహం ఉండాలి, పైన కూడా. ఫైబర్ పోసినా మన ఎండకి రంగు రెండేళ్ళు ఆగదు. ఈసీఆర్ (సముద్రపు ఒడ్డు రోడ్డు) పక్కన అయితే ఉప్పు గాలికి లోపలి ఇనుం తుప్పు పట్టి బయట పగులు ఇస్తుంది. కట్టేటప్పుడు ఖర్చు అందరూ లెక్కేస్తారు. ఏడాదికోసారి రంగు ఎవరూ లెక్కెయ్యరు.

ఒకసారి ఊరి బయట ఒక పార్కు వాళ్ళు పిలిచారు, ఎగిరే హీరో బొమ్మకి చెయ్యి విరిగింది, అతికించమని. పోయి చూస్తే ఆ బొమ్మ మొహం హాలీవుడ్ హీరోది కాదు. మా పాత మేస్త్రీది. ఎవడో శిష్యుడు గురుభక్తితో చేసి ఉంటాడు. నేను చెయ్యి అతికించి దండం పెట్టుకుని వచ్చాను.

#11 కొళత్తూరు నల్లకోటు

బాబాయి గారూ, ఆ బొమ్మకి ఎవరి అనుమతీ తీసుకుని ఉండరు, రూపాయి పందెం.

హక్కుల సంగతి ఎంత చిక్కో ఒక్క ఉదాహరణ. ఓర్లాండో యూనివర్సల్‌లో 1999లో మార్వెల్ హీరోల జోన్ తెరిచారు. 2009లో మార్వెల్ కంపెనీనే డిస్నీ కొనేసింది. అయినా పాత ఒప్పందం యూనివర్సల్ చేతిలో ఉంది కాబట్టి స్పైడర్‌మ్యాన్, హల్క్ లాంటివాళ్ళని డిస్నీ తన ఫ్లోరిడా పార్కులో పెట్టుకోలేకపోతోంది. కొడుకు మనవాడే, పెళ్ళికి పిలవడానికి వియ్యంకుడి పర్మిషన్ కావాలి. ఆ ఒప్పందంలో లేని గార్డియన్స్ గుంపుని మాత్రం 2022లో పెట్టుకున్నారు.

మన దగ్గర ఇంకో తలనొప్పి. కథ ఒకరిది, పాట ఒకరిది, మొహం ఒకరిది. రజనీకాంత్ తన పేరు వాడుకున్న ఒక హిందీ సినిమా మీద 2014లో మన మద్రాస్ హైకోర్టుకే వెళ్ళి, 2015లో దాన్ని ఆపుతూ ఆర్డరు తెచ్చుకున్నారు. సినిమా కొన్నాను కదా అని హీరో బొమ్మ రైడ్ గుమ్మానికి తగిలిస్తే కుదరదు, ఆయన దగ్గర విడిగా సంతకం తీసుకోవాలి. నేను చూసిన పాత నిర్మాణ ఒప్పందాల్లో థియేటర్, రేడియో, డబ్బింగ్ దాకా ఉంటాయి. పార్కు అనే మాట ఒక్కదాంట్లోనూ కనపడలేదు. అప్పుడు ఎవరు ఊహించారు?

#12 పెరుంగుడి శ్రీను

అయితే లాయరు గారూ, హీరో మొహం అక్కర్లేని, ఊరే హీరో అయిన, హక్కుల గోల తక్కువున్న సినిమా ఏదన్నా ఉందా మనకి? ఉంటే కాకర గారి నోరు మూయిద్దాం.

#13 టీనగర్ పిన్ని

ఎందుకు లేదూ. పేరులోనే బజారుంది, మాయాబజార్.

ఆలోచించండి. ఘటోత్కచుడు పెళ్ళివారిని ఏమార్చడానికి చినమయ, లంబూ జంబూలతో రాత్రికి రాత్రి ఒక ఊరు కట్టిస్తాడు. అంగళ్ళు, విడిది ఇళ్ళు, అన్నీ మాయ. కంబళి దానంతటదే చుట్టుకుంటుంది, మంచం తిరుగుతుంది. సత్యపీఠం ఎక్కితే కడుపులో ఉన్న నిజం బయటికి కక్కాల్సిందే. ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఇష్టమైనది వాళ్ళకి కనపడుతుంది. మీరు చెప్పే పార్కు అంటే ఇదే కదా? జనాన్ని పిలిచి, డబ్బు తీసుకుని, లేనిది ఉన్నట్టు చూపించి, నవ్వించి పంపడం. 1957లోనే మనవాళ్ళు పార్కు ప్లాను గీసి పెట్టారు, కట్టేవాడే రాలేదు.

#14 చేదుకాకర

పిన్నిగారూ... ఒక్క నిమిషం ఆగండి. ఓడిపోయానని ఒప్పుకునే ముందు వెతుక్కోవాలి.

#15 ట్రాక్ పిచ్చోడు

పిన్నిగారికి సాష్టాంగం!! రాత్రి నిద్ర పట్టలా, కాగితం మీద గీస్తూ కూర్చున్నా.

ప్రియదర్శిని: క్యూ మొదట్లో టికెట్ స్కాన్ చేసేటప్పుడు పిల్లోడి పేరు, వాడికిష్టమైనది ఒకటి అడగాలి, జిలేబీయో కుక్కపిల్లో క్రికెట్టో. చివర్లో పెట్టె తెరిస్తే అదే కనపడాలి. ఇది గాలి మాట కాదు. ఓర్లాండోలో 1990 నుంచి ఆడుతున్న ఈటీ రైడ్‌లో ముందు మన పేరు చెబితే చివర్లో ఆ బొమ్మ మన పేరు పెట్టి వీడ్కోలు చెబుతుంది. ముప్పై ఏళ్ళు దాటినా జనం ఆ ఒక్క పలుకు కోసం ఎక్కుతారు.

సత్యపీఠం: ఒక్కొక్కరినీ ఎక్కిస్తే క్యూ చచ్చిపోతుంది. అందుకని రైడ్ కాదు, వీధిలో మధ్యలో ఒక వేదిక. ఎవరో నాన్నని ఎక్కించి "ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది?" అని అడిగితే చాలు, చుట్టూ రెండొందలమంది నవ్వుతారు. ఈసీఆర్ మీద వీజీపీ పార్కులో కదలకుండా నిలబడే కాపలా మనిషి గుర్తున్నాడా? ఆయన్ని నవ్వించాలని ఈ ఊళ్ళో ప్రతి ఇంటి పిల్లలూ ఒకసారైనా కోతి చేష్టలు చేసినవాళ్ళే. మీసాలు పెట్టుకున్న ఒకే ఒక్క మనిషి. కరెంటు కూడా అక్కర్లేదు. మంచి వేషగాడు దొరికితే కోట్ల యంత్రం పని చేసిపెడతాడు.

#16 చిత్తూరోడు

వేషగాళ్ళంటే సురభి నాటకాల వాళ్ళుండారు కదన్నా. మా తాత కడపలో చూసినాడంట, నేను తిరుపతిలో చూసినా. మాయాబజారే. నారదుడు తీగ మీద దిగొస్తాడు, స్టేజీ మీద మంటలు, వాన, లడ్డూలు వాటంతటవే నోట్లోకి పోతాయి. 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో కీచక వధతో మొదలెట్టినారు, ఇప్పటికీ అదే కుటుంబాలు ఆడుతుండారు. ఆ ట్రిక్కులన్నీ చేత్తో, తాడుతో, కప్పీతో. స్టంట్ షో అని మీరు సింగపూర్ పోయి చూసేది వాళ్ళు పెట్రోమాక్స్ లైట్ల కింద చేసినారు. పార్కులో రోజుకి నాలుగు ఆటలు వాళ్ళకిస్తే వాళ్ళ పిల్లోళ్ళకీ జీతం.

#17 కొళత్తూరు నల్లకోటు

ఇప్పుడు నా వంతు. చదివి నీరుగారకండి.

మన కాపీరైట్ చట్టంలో సినిమాకి 60 ఏళ్ళు, విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి లెక్క. మాయాబజార్ వచ్చింది 1957 మార్చి 27న. అంటే ఫిల్మ్ మీద హక్కు 2017 డిసెంబర్ 31తో తీరింది. చప్పట్లు కొట్టకండి, ఇంకా ఉంది. మాటలు, పాటలు సాహిత్యం కింద వస్తాయి. రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. కాబట్టి 2031 చివరి దాకా గిల్పం, గింబళి లాంటి ఆయన మాటలతో బోర్డు రాసుకునే ముందు ఎవర్ని అడగాలో కనుక్కోవాలి. ప్రియదర్శిని, సత్యపీఠం కూడా ఆ రచనలోవే. సంగీతం గడువు ఇంకా ముందుకి పోతుంది. ఎస్వీఆర్, ఎన్టీఆర్, సావిత్రి మొహాలు వాడితే అది వేరే పేచీ.

మిగిలిందేంటి? కథ. శశిరేఖా పరిణయం వ్యాసుడి భారతంలో లేదు, మన జనం చెప్పుకున్నది. 1936లోనే తెలుగులో ఒకసారి సినిమాగా తీశారు కూడా. ఘటోత్కచుడు, మాయ ఊరు, దొంగ శశిరేఖ, పెళ్ళి భోజనం ఎవరి సొత్తూ కాదు. పింగళి వారి మాటలు పక్కన పెట్టి కొత్త మాటలు రాసుకుంటే ఎవరూ నోటీసు పంపలేరు.

#18 టీనగర్ పిన్ని

పింగళి మాటలు లేకుండా మాయాబజారా? ఉప్పు లేని పప్పు. 2031 దాకా ఆగుదాం, మనవలు కాలేజీకి వస్తారు.

#19 చేదుకాకర

వెతికాను. రెండు అభ్యంతరాలు దొరికాయి.

ఒకటి, ఈ ఊళ్ళో పార్కుకి వచ్చేవాళ్ళలో మనవాళ్ళు ఎంతమంది? తమిళ పిల్లలకి ఇది ఏం తెలుసు? రెండు, మన పిల్లలకే తెలుసా? ఎస్వీఆర్ ఎవరంటే మా అన్నకొడుకు రోడ్డు పేరు అనుకున్నాడు.

#20 పదో క్లాసు (నాన్న అకౌంట్)

అంకుల్, మా క్లాసులో తమిళ్ వాళ్ళకి కల్యాణ సమయల్ సాదం పాట (మన వివాహ భోజనంబు తమిళ్‌లో) అందరికీ వచ్చు. అన్యువల్ డేకి ఇద్దరు ఘటోత్కచులు కొట్టుకున్నారు ఎవరు చెయ్యాలని. సినిమా ఎవరూ పూర్తిగా చూడలేదు, నేను కూడా రంగులేసింది సగం చూశా. రీల్స్‌లో లడ్డూల సీన్ మాత్రం వంద సార్లు చూశా. రైడ్ పెడితే ఆ లడ్డూ నోట్లోకి నిజంగా రావాలి. స్క్రీన్ మీద వస్తే వద్దు.

#21 ట్రాక్ పిచ్చోడు

తమ్ముడూ, నీకు పార్కు పెట్టేవాళ్ళు జీతమివ్వాలి. "స్క్రీన్ మీద వస్తే వద్దు" అని ఓర్లాండో వెళ్ళొచ్చిన ఫ్యాన్స్ కూడా ఏళ్ళ తరబడి అదే మొత్తుకుంటున్నారు.

కాకర గారూ, మీ మొదటి అభ్యంతరం పోయింది. తమిళ మాయాబజార్ కూడా అదే 1957లో, ఇక్కడే తీశారు. అభిమన్యుడు జెమినీ గణేశన్, ఘటోత్కచుడు రెండిట్లోనూ ఎస్వీ రంగారావే. ఈ ఊళ్ళో ఒకే కథకి రెండు భాషల జనం టికెట్ కొనే సినిమాలు ఎన్నున్నాయి చెప్పండి?

నాకున్న భయం వేరే. భోజనం. హ్యారీ పాటర్ వీధిలో బటర్‌బీర్ తాగనివాడు లేడు. మాయా విడిదిలో గారెలు, బూరెలు, లడ్డూ బాగా పెడితే రైడ్ ఆగిపోయినా జనం తిరిగొస్తారు. పార్కు క్యాంటీన్‌లో మామూలుగా దొరికే ఆ చల్లారిన ఫ్రైడ్ రైస్ పెడితే ఘటోత్కచుడు వచ్చినా లాభం లేదు.

#22 సాలిగ్రామం బాబాయి

మీ రాతలు చదువుతుంటే మా మేస్త్రీ గుర్తొచ్చాడు. ఆ ఎగిరే బొమ్మకి మొహం ఇచ్చినాయనే. ఆయన కుర్రవాడిగా ఉన్నప్పుడు వాహినీ స్టూడియోలో మాయాబజార్‌కి ద్వారక కట్టడం చూశానని చెప్పేవాడు. 50 అడుగులకి 60 అడుగుల చోటులో 300 బొమ్మ ఇళ్ళు. ఒక ఇల్లు ఇంకో ఇల్లులా లేదట. మార్కస్ బార్ట్లే కెమెరా పెట్టి చూస్తే మొత్తం పట్నం. మీరు అమెరికాలో కోట అంటున్నారు, మా మేస్త్రీ దృష్టిలో అంతకన్నా పెద్ద ఊరు ఆ అరవై అడుగుల్లోనే ఉండేది.

ఆ చోటు ఇప్పుడు ఏమైందో మీకు తెలుసుగా. విజయా వాహినీ జాగాలో ఆస్పత్రి వచ్చింది, తర్వాత మాల్ వచ్చింది. వడపళని మెట్రో దిగితే పక్కనే. మీ పిల్లలు ఆటలాడి ఐస్‌క్రీమ్ తినే చోటు కింద ఎక్కడో ఆ ఫ్లోరుండేది. సరిగ్గా ఏ మూలో నేను కూడా చెప్పలేను, నేను చేరేసరికి చాలా మారిపోయింది. ఆర్కాటు రోడ్డు వైపు గేటు మాత్రం బాగా గుర్తు. లోపలికి పంపమని దాని ముందర మూడు రోజులు నిలబడ్డాను.

#23 పెరుంగుడి శ్రీను

బాబాయి గారూ, ఇంత దగ్గర్లో ఉండి మావాణ్ణి సింగపూర్ తిప్పాను చూడండి. ఆదివారం వాణ్ణి తీసుకుని ఆ మాల్ దగ్గరికొస్తా. మీరు వచ్చి ఆ గేటు ఎక్కడుండేదో చూపిస్తారా? "ఇది ఏ సినిమా" అని వాడు అడిగితే ఈసారి చెప్పడానికి నా దగ్గర పేరుంటుంది.

#24 సాలిగ్రామం బాబాయి

వస్తాను బాబూ. నాలుగింటికి. పిల్లోడికి ప్లాస్టర్ ముక్క ఒకటి తెస్తా, కైలాసంలోది. మా ఇంట్లో అటక మీద ఉంది.

#25 టీనగర్ పిన్ని

నేనూ వస్తా. లడ్డూలు నావి. నిజం లడ్డూలే, తెర మీదవి కాదు, ఆ పదో క్లాసు అబ్బాయికి చెప్పండి.

#26 చేదుకాకర

నేను రానని ఎవరన్నారు? బండి పార్కింగ్ గంటకి ఎంత తీసుకుంటున్నారో ముందు చెప్పండి.

#27 చిత్తూరోడు

మెట్రోలో రా అన్నా.